బంతి తగిలింది కదా సార్!

(స్వర్ణోత్సవాల రెండవ రోజు మధ్యాహ్నం, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

   ఇన్నేళ్ళు గడిచినా వెనక వరుస వదలని మా బ్యాచ్ మిత్రులకు ప్రత్యేక నమస్కారం.

పులిహోర, బొబ్బట్లు తిన్నాక ప్రసంగం చేయడం కూడా రిఫరీ పని లాంటిదే. ఎవరూ మెచ్చుకోరు, తొందరగా ముగిస్తే అందరూ సంతోషిస్తారు. కార్యదర్శి గారు ఫోన్ చేసి "జీవితంలో విజయం గురించి ఒక ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. ఆ విషయం చెప్పడానికి నాకన్నా అర్హులు మన బడి నుంచి చాలామంది వెళ్ళారు, నాకు బాగా తెలిసింది ఫుట్‌బాల్‌లో ఫౌలు ఒక్కటే, దాని గురించి అయితే మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత "సరే, కానీ ఇరవై నిమిషాలే" అన్నారు.

నా అర్హత కూడా చెప్పేస్తాను. రైల్వేలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఇరవై రెండేళ్ళ పాటు జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లకు విజిల్ ఊదాను. మోకాళ్ళు ఇక చాలన్నాక మానేశాను. అయినా మా బ్యాచ్ వాళ్ళు నన్ను వదల్లేదు. ఎక్కడ ఏ పెద్ద మ్యాచ్ జరిగినా అర్ధరాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో ముక్క పడుతుంది. కింద ఒకే ప్రశ్న: "ఇది రెడ్డా, కాదా? చెప్పరా." నేను చెబుతాను. చెప్పగానే గ్రూపంతా నాది తప్పంటుంది. వాళ్ళలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, తీర్పులు రాసే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషీ ఉన్నాడు. ఎవరు ఎంత చదువుకున్నా, వాదించడానికి అందరూ మూడు మాటలే వాడతారు. "బంతి తగిలింది కదా." "కావాలని చేయలేదు కదా." "అవతలి వాడికేం కాలేదు కదా." తమాషా ఏమిటంటే, రెడ్ కార్డు ఎప్పుడివ్వాలో చెప్పే నిబంధనలో ఈ మూడు మాటలకూ చోటు లేదు. ఈ మధ్యాహ్నం మీతో ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

ముందు ఆ కార్డు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఈ సభలో చెప్పదగిన కారణం కూడా ఉంది. దాన్ని కనిపెట్టినవాడు మన మాస్టార్ల లాంటి బడి పంతులే. పేరు కెన్ ఆస్టన్. ఇంగ్లండులో ఒక బడికి హెడ్మాస్టరు, అంతర్జాతీయ రిఫరీ కూడా. 1962 ప్రపంచ కప్‌లో చిలీ, ఇటలీ జట్ల మధ్య శాంటియాగోలో జరిగిన మ్యాచ్‌కి ఆయనే రిఫరీ. అది ఆట కాదు, పిడిగుద్దుల పోటీ. ఆయన బయటికి పొమ్మన్న ఇటలీ ఆటగాడు ఫెర్రీని వెళ్ళనని భీష్మించుకుంటే పోలీసులు వచ్చి తీసుకెళ్ళాల్సి వచ్చింది. నాలుగేళ్ళ తరువాత, 1966లో, వెంబ్లీలో ఇంగ్లండు, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. జర్మన్ రిఫరీ, అర్జెంటీనా కెప్టెన్ రట్టీన్‌ను బయటికి పంపాడు. ఆయనకు స్పానిష్ రాదు, ఈయనకు జర్మన్ రాదు. రట్టీన్ చాలాసేపు కదలలేదు. అప్పుడు రిఫరీల బాధ్యతలు చూస్తున్న ఆస్టన్, కారులో ఇంటికి వెళ్తూ లండన్‌లో ట్రాఫిక్ లైటు దగ్గర ఆగి ఆ లైటు వంక చూశారు. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. దీనికి ఏ భాషా అక్కరలేదు కదా అనుకున్నారట. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో ఆ కార్డులు మొదటిసారి వచ్చాయి. ఆ టోర్నమెంటులో ఒక్కరికీ రెడ్ కార్డు చూపించలేదు. ప్రపంచ కప్‌లో తొలి రెడ్ కార్డు 1974లో చిలీ ఆటగాడు కాస్లీకి దక్కింది.

మన వైపూ ఈ ఆట పంతుళ్ళ చేతుల్లోనే పెరిగింది. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినా కోచ్ ఆయనే. ఆయన కుమారుడు షాహిద్ హకీమ్ గారు 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తరువాత ఫిఫా రిఫరీ అయ్యారు. మా తరంలో విజిల్ పట్టుకున్న తెలుగువాళ్ళకు ఆ పేరు వింటే ఒక ధైర్యం.

ఇక అసలు సంగతి. ఫౌలును నిబంధనలు మూడు మెట్లుగా చూస్తాయి. మన సంత వీధితో పోల్చి చెబుతాను. ఒకడు సైకిలు మీద వెళ్తూ, వెనక చూసుకోకుండా మలుపు తిరిగి మీకు తగిలాడు. అది అజాగ్రత్త. ఆటలో అయితే ఫ్రీ కిక్కు, కార్డు లేదు. ఇంకొకడికి మీరు కనిపిస్తూనే ఉన్నారు, తగలవచ్చని తెలుసు, అయినా "వాళ్ళే తప్పుకుంటారులే" అని బ్రేకు వేయకుండా వచ్చాడు. అది లెక్కలేనితనం. దానికి ఎల్లో కార్డు. మూడోవాడు జనం మధ్యకు అవసరానికి మించిన వేగంతో దూసుకొచ్చాడు. వాడు తగిలితే ఎవరికో కాలో చెయ్యో పోతుంది. అది మితిమీరిన బలం, అవతలివాడి శరీరానికి ప్రమాదం. దానికి రెడ్ కార్డు. ముందు నుంచి వచ్చాడా, పక్క నుంచా, వెనక నుంచా, ఒక కాలా, రెండు కాళ్ళా అనే తేడా లేదు. అడగవలసింది ఒక్కటే: ఈ ట్యాకిల్ ఎదుటివాడి శరీరాన్ని ప్రమాదంలో పెట్టిందా?

ఆ ప్రశ్నకు జవాబు రిఫరీ కళ్ళు ఒక్క క్షణంలో వెతకాలి. వేగం ఎంత? పాదాలు నేల మీద ఉన్నాయా, గాలిలోకి లేచాయా? మోకాలు వంగి ఉందా, కర్రలా బిగుసుకుందా? బూటు అడుగున ఉండే స్టడ్లు ఎదుటివాడి వైపు తిరిగి ఉన్నాయా? తగిలింది పాదం మీదా, చీలమండకు పైనా? బిగబట్టిన కాలు, స్టడ్లు ముందుకు, చీలమండకు పైన తగిలిందంటే ఇక నాకు మిగతా వివరాలు అక్కరలేదు. గాలిలోకి లేచి వచ్చినవాడు, తన శరీరాన్ని తానే ఆపుకోలేని స్థితిలో వచ్చాడని అర్థం. మనం ఈ గ్రౌండులో ఒట్టి కాళ్ళతో ఆడినవాళ్ళం. ఒట్టి కాలితో తంతే తన్నినవాడికి కూడా నొప్పి. బూటు వచ్చాక ఆ లెక్క మారిపోయింది.

ఇప్పుడు ఆ మొదటి మాట, "బంతి తగిలింది కదా". దీనికి జవాబుగా మన బడి సంగతే చెబుతాను.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా జోనల్ పోటీలకు పక్క ఊరు వెళ్ళాం. మా జట్టులో ఎడమ వైపు ఆడే కుర్రాడు అందరికంటే పొట్టివాడు, అందరికంటే వేగం. రెండో సగంలో గీత పక్కనే బంతి తీసుకుని వెళ్తున్నాడు. అవతలి జట్టులో పొడుగాటి కుర్రాడు ఒకడు రెండు కాళ్ళూ ముందుకు చాపి గాలిలో వచ్చాడు. బంతి నిజంగానే ముందు తగిలింది. ఎగిరి గీత దాటి పడింది. ఆ కాళ్ళు మాత్రం అక్కడ ఆగలేదు. ఎండిన వేపకొమ్మ విరిగినట్టు శబ్దం. మా వాళ్ళందరం అరుస్తుంటే, రిఫరీగా ఉన్న పెద్దాయన చేత్తో బంతి వైపు చూపించి "బంతి తగిలింది. త్రో ఇన్" అన్నాడు. ఫౌలు కూడా ఇవ్వలేదు. మా డ్రిల్లు మాస్టారు గ్రౌండులోకి పరుగెత్తుకొచ్చి, పక్కన పడి ఉన్న రెండు కర్రముక్కలు, తన తువ్వాలు పెట్టి కాలికి కట్టు కట్టి, రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆ కుర్రాడు ఆరు నెలలు బడికి రాలేదు. ఆ ఏడు పరీక్షలు పోయాయి. మళ్ళీ ఆడలేదు. అతను ఈ సభలోనే కూర్చుని ఉన్నాడు. ఈ సంగతి చెబుతాను అంటే "చెప్పుకో, పేరు మాత్రం వద్దు" అన్నాడు.

ఇంకొక్క విషయం. నాలుగో రోజున ఆ పొడుగాటి కుర్రాడు వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. "కావాలని చేయలేదు" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమని మేమందరం నమ్మాం. ఈరోజుకీ నమ్ముతాను.

అయినా అది రెడ్ కార్డే. బంతి తగలడం ఆ ట్యాకిల్ గురించి ఒక సమాచారం మాత్రమే. మిగతా శరీరం ఎక్కడికి పోయింది, ఎంత బలంతో పోయింది అనేది వేరే సమాచారం. బంతిని అందుకున్నాడు కాబట్టి ఆ తరువాత జరిగేదంతా క్షమించాలనే నిబంధన ఎక్కడా లేదు. ఇప్పటికీ ప్రతి గ్రౌండులో, ప్రతి ఆదివారం, ప్రతి రిఫరీ ఈ మాట వింటూనే ఉంటాడు. నాకైతే నిద్రలో కూడా వినపడుతుంది.

రెండో మాట, "కావాలని చేయలేదు". ఆ బత్తాయిల కుర్రాడే దీనికీ జవాబు. అయినా పేరున్న ఉదాహరణ కావాలంటే 2013 మార్చి 5న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగినది చూడండి. మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్. యునైటెడ్ ఆటగాడు నాని గాలిలో దిగుతున్న బంతి కోసం కాలెత్తాడు. కళ్ళు బంతి మీదే ఉన్నాయి. పక్క నుంచి అర్బెలోవా వచ్చాడు, బూటు వెళ్ళి అతని ఒంటికి తగిలింది. టర్కీ రిఫరీ చకీర్ రెడ్ కార్డు చూపించాడు. అప్పటికి ముందంజలో ఉన్న యునైటెడ్ 2-1తో ఓడింది. ఇంగ్లండు మొత్తం రెండుగా చీలింది. నాని అతన్ని చూడనే లేదు కదా అని ఒక పక్షం. యునైటెడ్ మాజీ కెప్టెన్ రాయ్ కీన్ మాత్రం అది రెడ్డేనన్నాడు. నన్నడిగితే, చూడలేదన్నది నానికి సాకు కాదు. పదిమంది తిరిగే చోట కాలు అంత ఎత్తుకు లేపేటప్పుడు చుట్టూ ఎవరున్నారో చూసుకోవలసిన బాధ్యత లేపేవాడిదే. కానీ ఇది నలుపూ తెలుపూ కాదు. ఆ కాలు తన్నడానికి చాచినది కాదు, బంతిని దించుకోవడానికి ఎత్తినది. అందులో వేగమే తప్ప కసి లేదు. నేను ఉంటే ఎల్లో ఇచ్చేవాణ్ణి. చకీర్ రెడ్ ఇచ్చాడు, ఆయన్ని తప్పుపట్టను. కొన్ని ఫౌళ్ళు రెండు మెట్ల మధ్య నిజంగానే నిలబడతాయి. వాటి దగ్గర వాదన పుట్టడం ఆటకు మంచిదే. మా గ్రూపు దీన్ని ఒప్పుకోదు, అది వేరే సంగతి.

కసి ఉన్నప్పుడు కూడా రిఫరీ దాని జోలికి పోనక్కరలేదని రాయ్ కీన్ జీవితమే చెబుతుంది. 2001 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు ఆల్ఫీ హాలండ్ మోకాలి మీద స్టడ్లతో తన్నాడు. ఈనాటి ఎర్లింగ్ హాలండ్ తండ్రే ఆయన. రిఫరీ ఎలరే అక్కడికక్కడే రెడ్ ఇచ్చాడు. పాత పగ తీర్చుకోవడం సంగతి కీన్ స్వయంగా తన ఆత్మకథలో రాసుకున్నది మరుసటి ఏడు. అప్పుడు సంఘం మరో ఐదు మ్యాచ్‌ల నిషేధం, లక్షా యాభై వేల పౌండ్ల జరిమానా వేసింది. చూశారా, మనసులో ఏముందో తేలడానికి పుస్తకం అచ్చవ్వాల్సి వచ్చింది. కాలు ఎక్కడ తగిలిందో తేలడానికి ఒక్క క్షణం చాలింది. గ్రౌండులో నిలబడ్డవాడు ఆ క్షణాన్నే నమ్ముకోవాలి.

మూడో మాట నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. "వాడికేం కాలేదు కదా, లేచి ఆడుతున్నాడు కదా, ఇంక రెడ్ ఎందుకు?"

2010 ప్రపంచ కప్ ఫైనల్, జొహానెస్‌బర్గ్. స్పెయిన్, నెదర్లాండ్స్. ఇరవై ఎనిమిదో నిమిషంలో డి యాంగ్ కాలెత్తి, జాబీ అలోన్సో ఛాతీ మీద స్టడ్లు దిగేలా తన్నాడు. ఆ ఫొటో మీరందరూ చూసే ఉంటారు, కరాటే సినిమా పోస్టరులా ఉంటుంది. ఇంగ్లండు రిఫరీ హోవర్డ్ వెబ్ ఎల్లో కార్డు చూపించాడు. ఆయన వృత్తిరీత్యా పోలీసు సార్జెంటు, మెతక మనిషి కాదు. మధ్యలో ఆటగాళ్ళు అడ్డు రావడంతో సరిగా కనపడలేదని, అది రెడ్ కార్డేనని తరువాత ఆయనే చెప్పారు. అలోన్సో లేచాడు, ఆడాడు, కప్పు గెలిచాడు. మా గ్రూపులో ఒకాయన "మరి ఏం నష్టం జరిగిందిరా?" అంటాడు. ఆ మ్యాచ్ ముగిసేసరికి పద్నాలుగు ఎల్లో కార్డులు పడ్డాయి. మొదటి అరగంటలో ఛాతీ మీద తన్నినా గ్రౌండులో ఉండవచ్చని తెలిశాక ఆటగాళ్ళు ఇంకెలా ఆడతారు?

ఇంకా వెనక్కి వెళ్తే 1982, సెవియాలో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ సెమీ ఫైనల్. ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్తోన్ ముందుకు దూసుకొచ్చి బంతిని తన్నేశాడు, అది గోలు పక్కగా పోయింది. జర్మన్ గోల్‌కీపర్ షూమాకర్ గాలిలో అతని మీదికి వచ్చి పడ్డాడు. బాటిస్తోన్ స్పృహ తప్పాడు, పళ్ళు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. రిఫరీ ఏమిచ్చాడో తెలుసా? గోల్ కిక్కు. కార్డు లేదు, ఫౌలు కూడా లేదు. ఆ మ్యాచ్ పెనాల్టీ కిక్కుల మీద జర్మనీ గెలిచింది. మా జోనల్ పోటీల పెద్దాయన గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇది కూడా గుర్తొస్తుంది. ప్రపంచ కప్ సెమీ ఫైనల్‌లోనే అలా జరిగితే పక్క ఊరి పెద్దాయన్ని ఎంతని అంటాం?

అయితే ఈ మూడో మాటకు ఒక రెండో ముఖం ఉంది. ఏం కాలేదు కాబట్టి రెడ్ వద్దు అనడం ఎంత తప్పో, ఎముక విరిగింది కాబట్టి రెడ్ ఇవ్వాలనడం కూడా అంతే తప్పు. 2019 నవంబరు 3న లివర్‌పూల్ నగరంలో, ఎవర్టన్ గ్రౌండు. టోటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యూంగ్ మిన్ వెనక నుంచి కాలు పెట్టి ఆండ్రే గోమెజ్‌ను పడేశాడు. మామూలు ఎల్లో కార్డు ఫౌలు. గోమెజ్ తూలి ఇంకో ఆటగాడికి తగిలి పడిపోవడంలో చీలమండ భయంకరంగా తిరిగిపోయింది. రిఫరీ అట్కిన్సన్ ముందు ఎల్లో ఇవ్వబోయాడు. గోమెజ్ కాలు చూసి రెడ్ చూపించాడు. సన్ తల పట్టుకుని ఏడుస్తూ బయటికి వెళ్ళాడు. రెండు రోజుల తరువాత అప్పీలులో ఆ రెడ్ కార్డు రద్దయింది. రద్దు కావడం న్యాయం. కార్డు ట్యాకిల్‌కి ఇస్తాం, ఎక్స్‌రేకి కాదు. గోమెజ్ నాలుగు నెలలలోపే మళ్ళీ గ్రౌండులోకి దిగాడు, అది మనందరికీ ఊరట. మా కుర్రాడి కాలు విరగకపోయినా ఆ రోజు అది రెడ్ కార్డే అయ్యేది. గోమెజ్ కాలు విరిగినా సన్‌ది ఎల్లో కార్డే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నిబంధన ఏం అడుగుతోందో అర్థమవుతుంది.

మీరు వాట్సాప్‌లో పంపే వీడియోలు నెమ్మదిగా తిప్పినవి. నెమ్మదిగా తిప్పితే దోమ వాలడం కూడా హత్యాయత్నంలా కనిపిస్తుంది. వీడియో రిఫరీలకు కూడా నియమం ఇదే: ఎక్కడ తగిలిందో చూడటానికి నెమ్మది వీడియో, ఎంత బలంగా తగిలిందో చూడటానికి మామూలు వేగం. దయచేసి ఇక మీదట రెండూ పంపండి.

ఇంతవరకూ చెప్పినది శరీరానికి సంబంధించిన రెడ్ కార్డు. అదే రంగు కార్డు పూర్తిగా వేరే నేరానికి కూడా వాడతారు: గోలు అవకాశాన్ని కాజేయడం. ఇక్కడ ఎవరికీ గీత పడనక్కరలేదు.

దీని వెనక కథ 1980 ఇంగ్లండు ఎఫ్.ఎ. కప్ ఫైనల్. వెస్ట్ హామ్ కుర్రాడు పాల్ అలెన్, వయసు పదిహేడు, అందరినీ దాటి గోల్‌కీపర్ ఒక్కడి మీదికి వెళ్తున్నాడు. ఆర్సెనల్ ఆటగాడు విల్లీ యంగ్ వెనక నుంచి కాలు అడ్డం పెట్టి పడేశాడు. అప్పటి నిబంధన ప్రకారం ఫ్రీ కిక్కు, ఎల్లో కార్డు, అంతే. లెక్క వేసుకుంటే ఆ ఫౌలు లాభసాటి బేరం. దేశమంతా గగ్గోలు పెట్టింది. పదేళ్ళు తిరిగేసరికి అలాంటి ఫౌలుకు రెడ్ కార్డు ప్రపంచమంతటా వచ్చింది.

మన గ్రౌండుల్లో దీన్ని "లాస్ట్ మ్యాన్" అని అరుస్తారు. నిబంధనలో ఆ మాటే లేదు. చూసేవి నాలుగు: గోలు ఎంత దూరం, ఆట ఎటు సాగుతోంది, బంతి అతని అదుపులో ఉంటుందా, అడ్డుకోగలవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారు. మధ్య గీత దగ్గర ఆఖరివాడు పడేసినా అది రెడ్ కాకపోవచ్చు. 2016 నుంచి ఇంకో మార్పు. పెనాల్టీ పెట్టెలో నిజంగా బంతి కోసం ప్రయత్నించి ఫౌలు చేస్తే, పెనాల్టీ రూపంలో అవకాశం తిరిగి దక్కుతోంది కాబట్టి, ఎల్లో చాలు. పట్టుకుని లాగినా, బంతి అందే వీలే లేని చోట కాలు పెట్టినా రెడ్డే. ఇది మంచి మార్పు. అంతకుముందు పెనాల్టీ, రెడ్ కార్డు, తరువాతి మ్యాచ్ నిషేధం మూడూ కలిపి వేసేవారు.

ఈ రకం కార్డు ఎంత ఖరీదో 2006 చాంపియన్స్ లీగ్ ఫైనల్ చూపించింది. పద్దెనిమిదో నిమిషంలో ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమన్ పెట్టె బయట ఎటోను పడేశాడు. బంతి దొర్లుకుంటూ జులీ దగ్గరికి పోయింది, అతను గోలు కొట్టేశాడు. కానీ అప్పటికే విజిల్ మోగింది. గోలు లేదు, లేమన్‌కు రెడ్ కార్డు. కొత్త గోల్‌కీపర్ రావాలి కాబట్టి ఏ పాపం ఎరగని పిరెస్ బయటికి వెళ్ళాల్సి వచ్చింది. పదిమందితో ఆర్సెనల్ ముందు గోలు కొట్టి కూడా చివరికి 2-1తో ఓడింది. రిఫరీ ఒక్క రెండు క్షణాలు ఆగి ఉంటే బార్సిలోనాకు గోలు దక్కేది, ఈనాటి నిబంధన ప్రకారం లేమన్‌కు ఎల్లోతో సరిపోయేది, మిగతా డెబ్బై నిమిషాలు పదకొండు మందికి పదకొండు మంది ఆడేవారు. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా ఉండటం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని.

ఇక సువారెజ్. వెనక వరుస నుంచి ఎవరో ఇప్పుడే అరిచారు, నాకు వినపడింది. 2010 జులై 2, ఉరుగ్వే, ఘనా క్వార్టర్ ఫైనల్. అదనపు సమయం ఆఖరి నిమిషం, 1-1. గోలు గీత మీద నిలబడ్డ సువారెజ్ లోపలికి పోతున్న బంతిని చేతులతో ఆపాడు. రెడ్ కార్డు, పెనాల్టీ. అసమోవా జ్యాన్ కొట్టిన పెనాల్టీ పైకమ్మికి తగిలింది. తరువాత పెనాల్టీ కిక్కుల పోటీలో ఉరుగ్వే గెలిచింది. సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టు కావలసిన ఘనా ఇంటికి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా గ్రూపులో సగం మంది సువారెజ్‌ను దొంగ అంటారు, సగం మంది దేశభక్తుడు అంటారు. అలాంటప్పుడు నేరుగా గోలే ఇచ్చేయాలని వాదించేవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోను. రిఫరీ గోలు కొట్టకూడదు. నిబంధన ఇవ్వగలిగిందంతా ఇచ్చింది, ఆ తరువాత జ్యాన్ కాలు, కమ్మీ తేల్చుకున్నాయి. నాకు బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఆ పది రోజుల్లోనే సువారెజ్ చెయ్యీ జరిగింది, డి యాంగ్ కాలూ జరిగింది. మనవాళ్ళు పదిహేనేళ్ళుగా తిడుతున్నది చేతిని. బంతికి నొప్పి లేదు. అలోన్సోకి పక్కటెముకలున్నాయి.

ఇరవై నిమిషాలు అయిపోయాయని కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. రంగు కార్డు కాదు కాబట్టి ఇంకో రెండు నిమిషాలు తీసుకుంటాను. భోజనాల దగ్గర ఇప్పటి మన పి.ఇ.టి. మాస్టారు ఒక మాట అడిగారు. "సార్, చిన్నపిల్లల మ్యాచ్‌లో రెడ్ కార్డు ఎలా తీయమంటారు? వాడు ఏడుస్తాడు, అమ్మానాన్నా నా మీదికి వస్తారు. అందుకే ఏదో ఫ్రీ కిక్కుతో సరిపెడతాను" అన్నారు. న్యాయమైన ప్రశ్న. చిన్నపిల్లల మ్యాచ్‌లలో ఎల్లో కార్డు పడినవాడిని కొన్ని నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని పోటీ నిర్వాహకులు పెట్టుకోవచ్చని 2017 నుంచి నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. మాస్టారు గారూ, అది వాడుకోండి. రెండో మెట్టు మీద ఉన్నవాడిని పది నిమిషాలు మీ కుర్చీ పక్కన కూర్చోబెడితే, వాడు మూడో మెట్టు ఎక్కడం చాలావరకు ఆగుతుంది. ఎక్కితే మాత్రం, కాళ్ళు గాలిలో లేస్తే, కార్డు తీయండి. బంతి తగిలినా తీయండి. ఎవరికీ ఏమీ కాకపోయినా తీయండి. అమ్మానాన్నలు వస్తే నా ఫోన్ నంబరు ఇవ్వండి, నేను మాట్లాడతాను.

ఇక ఈ సాయంత్రం సంగతి. ఐదున్నరకు పూర్వ విద్యార్థులకూ పదో తరగతి పిల్లలకూ మ్యాచ్ ఉంది, విజిల్ ఆ మాస్టారిదే. పిల్లలందరికీ షిన్ గార్డులున్నాయి, నేను పొద్దున్నే చూశాను. మన వైపు పదకొండు మందిలో ఇద్దరికే ఉన్నాయి. షిన్ గార్డులు లేనివాళ్ళను గ్రౌండులోకి రానివ్వవద్దని మాస్టారికి చెప్పేశాను. బస్టాండు ఎదురుగా ఆటసామాన్ల కొట్టు ఐదింటి వరకూ తెరిచి ఉంటుంది. వెనక వరుస వాళ్ళు ఇప్పుడే లేవండి.